కొంగు చాటు చెయ్యి

మండవల్లి చర్చిలో కీబోర్డు వాయించేటప్పుడు పెర్సిస్ అమ్మమ్మ ఎడమ చేతి మీద కొంగు కప్పుకునేది. నడివేసవిలో కూడా. ఎంత మర్యాదస్తురాలో అని సంఘమంతా మురిసిపోయేది. మర్యాదా పాడా! ఆ చెయ్యి ఏం చేస్తోందో ఎవరూ చూడకూడదని.

కార్డు అంటే ఎడమ చేత్తో మూడు మెట్లు ఒకేసారి నొక్కడం. చర్చి పాటలు చాలావరకు సి, ఎఫ్, జి కార్డుల మధ్యే తిరుగుతాయి. సి కార్డుకు సి, ఇ, జి నొక్కాలి. అక్కణ్ణుంచి ఎఫ్‌కి పోవడానికి చెయ్యి ఎత్తనక్కర్లేదు. సి మీది వేలు అక్కడే ఉంచి, మిగతా రెండు వేళ్ళూ పక్క తెల్లమెట్ల మీదికి జరిపితే సి, ఎఫ్, ఎ. ఎఫ్ కార్డులోని మెట్లే, వరస మారిందంతే. దాన్నే ఇన్వర్షన్ అంటారు. అలా జరుపుకుంటూ పోతే పాటలో ఎక్కడా అతుకు తెలియదు.

ఆ సంగతి అమ్మమ్మ ఎవరికీ చెప్పలేదు. చేపల చెరువు కాపలా జోగారావు కూతురు రూబీకి కీబోర్డు నేర్పమని పాస్టరుగారు అడిగితే, కాదనలేక ఒప్పుకుంది. ఒప్పుకుని, మొదటిరోజే అబద్ధం నేర్పింది.

"ఏ కార్డయినా దాని పేరున్న మెట్టు మీదే మొదలవ్వాలే. లేకపోతే తప్పు."

పాపం రూబీ చెయ్యి సి నుంచి ఎఫ్‌కీ, ఎఫ్ నుంచి జికీ గెంతేది. గెంతినప్పుడల్లా పాట తెగేది. తెగినప్పుడల్లా విసనకర్ర కాడతో అమ్మమ్మ వేళ్ళ మీద ఒకటిచ్చేది. "కప్పకి నేర్పినా ఈపాటికి వచ్చేదే!" అని అందరి ముందూ నవ్వేది. తను బతికుండగా ఆ కీబోర్డు ముందు కుర్చీ ఇంకొకళ్ళకి పోకూడదు. అదీ ఆవిడ పట్టుదల.

చివరికి పక్షవాతం వచ్చి ఆవిడ ఎడమ చెయ్యే పడిపోయింది. కుర్చీ రూబీకి పోయింది. అమ్మమ్మ ముందు వరసలో కూచుని, తను నేర్పిన గెంతులన్నీ వింది. పాట తెగిన ప్రతిచోటా ఆవిడ మొహం చేదు తిన్నట్టయ్యేది.

ఒక ఆదివారం ఇక ఉండబట్టలేక, ప్రార్థన అయ్యాక రూబీని వరండాలోకి పిలిచింది.

"అమ్మాయ్, నీకు తప్పు నేర్పానే. గెంతక్కర్లేదు. వేళ్ళు జరిపితే చాలు."

"తెలుసు మామ్మగారూ," అంది రూబీ, ఆవిడ కొంగు సర్దుతూ. "ఎప్పుడో ఫోన్‌లో చూసి నేర్చుకున్నానండి. మీరు రాని ఆదివారాలు జరిపే వాయిస్తానండి."

"మరి నేనొచ్చినప్పుడు?"

"మీరు మొదట్లో నేర్పినట్టే వాయిస్తానండి. గురువుగారు కదండీ మీరు."

 

ఆవిడ ఇంట్లో ఉండిపోతే సంఘానికి మంచి పాట దక్కుతుంది. వెళితే కుంటిపాట. పెద్దావిడ కదా, మానేస్తుందనుకుంటారు ఎవరైనా. ఆవిడ మాత్రం మరుసటి ఆదివారం గంట కొట్టకముందే వచ్చి, గురువుగారి హోదాలో ముందు వరసలో కూచుంది. ఆ తరవాత ఒక్క వారం కూడా మానలేదు.