ట్రెయిలర్ మర్లని మూల

2022 ఎండాకాలం. సంగారెడ్డిలో కోర్టు ఎదురు సందులో నా ఆఫీసు ఉండేది. ఒక గది, ఒక కంప్యూటరు, గోడకు నాలుగైదు ప్లాన్లు. సివిల్ ఇంజనీరుగా అప్పటికి పద్నాలుగేళ్లు పనిచేశాను. గీసినవి ఎక్కువగా ఇళ్లు, చిన్న షెడ్లు. కార్ల షోరూము పని నా దగ్గరికి రావడం అదే మొదటిసారి.

షోరూము పటాన్‌చెరు దాటాక, ఇస్నాపూర్‌కు ముందు, హైవేను ఆనుకున్న సర్వీస్ రోడ్డు మీద ఉంది. యజమాని ప్రభాకర్ గారిది సంగారెడ్డిలో పాత ధాన్యం వ్యాపారుల కుటుంబం. షోరూము పక్కనే ఉన్న ఇరవై గుంటల జాగా కొని, స్టాక్ యార్డు పెంచాలనుకున్నారు. స్టాక్ యార్డు అంటే కంపెనీ నుంచి వచ్చిన కొత్త కార్లను అమ్ముడుపోయేదాకా నిలిపి ఉంచే చోటు.

"ఎన్ని పడితే అన్ని బండ్లు పట్టాలె మేడమ్. దసరాకు స్టాకు లేదనే మాట నా నోట రావొద్దు" అన్నారు.

వారంలో ప్లాను గీశాను. తొంభై కార్లు పట్టాయి. ఆయనకు చాలా నచ్చింది.

ఆ కాగితం పట్టుకుని కొలతలు సరిచూసుకోవడానికి వెళ్లిన రోజు యాదయ్య కలిశాడు. యార్డు చూసుకునేది ఆయనే. చాలా ఏళ్లు లారీ నడిపి, కళ్లు మునుపటిలా లేవని మాని, ఇక్కడ చేరిన మనిషి. ప్లానును అటూ ఇటూ తిప్పి చూసి, ట్రెయిలర్ ఎటునుంచి వస్తుందని అడిగాడు. ట్రెయిలర్ అంటే కార్లను రెండు వరుసల్లో, ఒకదాని మీద ఒకటి మోసుకొచ్చే పొడవాటి బండి. నేను గేటు చూపించాను.

"గేటు సక్కగనే ఉన్నది మేడమ్. లోపటికి వచ్చినంక గీ మూల మీద బండి మర్లదు."

టర్నింగ్ రేడియస్, అంటే బండి తిరగడానికి కావలసిన జాగా, సాఫ్ట్‌వేర్‌లో చూశానని చెప్పాను. నిజానికి కార్లకు చూశాను గానీ ట్రెయిలర్‌కు చూడలేదు. ఆయన వాదించలేదు. ట్రెయిలర్ లోపలికి రాకపోతే సర్వీస్ రోడ్డు మీదే రెండు గంటలు ఆపి కార్లు దింపుతారని, ఫ్యాక్టరీ షిఫ్టు వదిలినప్పుడు జనం దాన్ని చుట్టుకుని హైవే మీదికి దిగి నడవాల్సి వస్తుందని చెప్పాడు. రెండు నెలల కింద అట్లా నడుస్తున్న ఒకామెను వ్యాను గుద్దిందట. ఆ సంగతి యజమాని నాతో అనలేదు. ఆమె తమ పక్క గదిలోనే ఉంటుందని, పోయేటప్పుడు ఒకసారి చూసి పొమ్మని అడిగాడు.

నాకు వెళ్లాలని లేదు. కాదనడం బాగుండదని వెళ్లాను.

ఇస్నాపూర్‌లో వరుసగా కట్టిన కిరాయి గదులు. రూతమ్మ మంచం మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. నలభై ఏళ్లుంటాయేమో. మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పని. కాలికి రాడ్డు వేశారు. యాదయ్య నేనెవరో చెప్తే, నా చేతిలోని కాగితం చూపించమంది. మంచం మీదే పరిచాను.

"గివన్నీ కార్లేనా?" అని గళ్ల మీద వేలు పెట్టి అడిగింది. అవునన్నాను.

"మరి రోడ్డేది మేడమ్, మేం నడిచేది?"

నా గీత ప్రహరీ దగ్గర ఆగిపోయింది. దాని అవతల ఉన్నది తెల్ల కాగితమే. రోడ్డు మన జాగాలోకి రాదని, అందుకే గీయలేదని చెప్పాను.

"మీ జాగల లేదు, సరే. బండి మాత్రం ఆడనే ఆగుతది గద."

ఆ మాటలో కోపం లేదు. కాగితం జాగ్రత్తగా మడిచి నాకిచ్చి, చాయ్ తాగి పొమ్మంది.

ఆఫీసుకు రాగానే ట్రెయిలర్ కొలతలు పెట్టి చూశాను. మూల తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రాకుండా లోపలికి జరిగి వస్తాయి. నేను గీసిన గళ్లలో పదకొండింటి మీదుగా పోయి, బండి తోక గోడకు తగిలింది. యాదయ్య చెప్పిందే నిజం. మళ్లీ మొదటినుంచి గీశాను. రెండు గేట్లు. ట్రెయిలర్ ఒక గేటులో వచ్చి, లోపలే కార్లు దింపి, చుట్టు తిరిగి రెండో గేటులోంచి వెళ్లిపోతుంది. కార్లు యాభై ఎనిమిదికి తగ్గాయి.

ప్రభాకర్ గారు రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"తొంభై అని మీరే గీసిన్రు."

"గీసిన సార్. తప్పు గీసిన. అండ్ల ట్రెయిలర్ మర్లదు."

"మర్లకపోతే బయటనే దింపుతం. ఇన్నేండ్లు దింపుతలేమా?"

మొదటి ప్లాను మీద నేను సంతకం పెట్టలేనన్నాను. సరే ఆలోచిస్తానన్నారు. దాన్ని హైదరాబాద్‌లో ఇంకో ఇంజనీరుకు చూపిస్తున్నారని తర్వాత తెలిసింది. పని పోయిందనే అనుకున్నాను.

పది రోజులకు యాదయ్య ఫోన్ చేసి, ట్రెయిలర్ వస్తోందని, మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు వదిలేదాకా రోడ్డు మీదే ఉంటుందని చెప్పాడు. నేను ప్రభాకర్ గారికి ఫోన్ చేసి, పది నిమిషాలు బయట నిలబడండి చాలని చెప్పి, నేనూ అక్కడికి వెళ్లాను. ఆ ఎండలో ఆయన విసుగ్గానే వచ్చారు. కాసేపటికి షిఫ్టు వదిలింది. టిఫిన్ సంచులు చంకన పెట్టుకుని ఆడవాళ్లు, వాళ్ల వెనక ఒడిశా, బిహార్ కుర్రాళ్లు, ట్రెయిలర్ పక్కనుంచి ఒకరి వెనక ఒకరు హైవే మీదికి దిగారు. ఏమనుకున్నారో, ప్రభాకర్ గారు కూడా ఆ వరుసలో కలిశారు. సగం దూరం పోయేసరికి ఒక లారీ హారన్ కొడుతూ భుజం పక్కనుంచి పోయింది. ఆయన ట్రెయిలర్ చక్రానికి అంటుకుపోయి ఆగిపోయారు. వెనకున్నామె నెమ్మదిగానే అంది:

"ఆగకున్రి సార్, నడువున్రి. ఆగితెనే ఖతరా."

తిరిగి వచ్చి నీళ్లడిగి తాగారు. నా వైపు చూడలేదు.

"రెండో గేటు ఏడ పెట్టాలె యాదయ్యా?" అని అడిగారు.

పని మొదలయ్యే ముందు నేల మీద సున్నంతో గీతలు వేయించి, ఖాళీ ట్రెయిలర్‌ను లోపలికి తెప్పించాం. ఒక లైటు స్తంభం చోటు మార్చాల్సి వచ్చింది గానీ బండి తిరిగింది. అప్పుడు యాదయ్యతో ఒప్పుకున్నాను, ఆ రోజు ట్రెయిలర్‌కు చూడకుండానే చూశానన్నానని.

"నాకెరికే మేడమ్" అన్నాడు. "చూసినోళ్లు గంత జల్దీ చెప్పరు."

ఆ దసరాకు అడిగిన బండి స్టాకులో లేక కొందరు గిరాకీలు వేరే షోరూముకు పోయారు. ఆ మాట ప్రభాకర్ గారు ఇప్పటికీ కనిపించినప్పుడల్లా అంటారు. తర్వాత తన రెండో షోరూము పని కూడా నాకే ఇచ్చారు. రూతమ్మ ఆరు నెలలకు పనిలోకి వెళ్లింది. ఎక్కువసేపు నిలబడలేదని, కూర్చుని లేబుళ్లు చూసే పనిలో వేశారు. నడకలో కుంటు పోలేదు. నేను గీసిన ఏ గీతా దాన్ని సరిచేయలేదు.

ప్లానులో మన హద్దు దాకా గీస్తే చాలన్నది చదువుకునేటప్పుడు నేర్చుకున్నదే, అది తప్పేమీ కాదు. అయినా ఇప్పుడు ఏ పని వచ్చినా, కంప్యూటరు తెరవక ముందే, జనం ఎక్కువగా తిరిగే వేళ చూసుకుని వెళ్లి, ఆ జాగా ముందు రోడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి నడుస్తాను.