సిస్టర్ జయశీల బాపట్ల ప్రార్థన

జయశీల దేవుడితో మాట్లాడేది పొద్దున ఆరింటికి, దోసెల పెనం ముందు నిలబడి. కళ్లు మూసుకుంటే దోసె మాడుతుంది కాబట్టి కళ్లు తెరుచుకునే మాట్లాడుతుంది.

"నాయనా, మొన్న చెప్పాను గదా, ఆరో నంబరు బెడ్డు ముసలాయన సంగతి. నిన్న కాస్త గంజి తాగాడయ్యా. సంతోషం. ఆ కొడుకుని కూడా ఒకసారొచ్చి మొహం చూపించి పొమ్మని చెప్పు. నేను చెబితే వినట్లా."

బాపట్ల నుంచి నర్సింగ్ డిప్లొమా పట్టుకుని ఆమె ఢిల్లీలో దిగి ఇరవై రెండేళ్లయింది. ఇప్పుడొక ప్రైవేటు ఆసుపత్రిలో వార్డు ఇన్‌ఛార్జి. అక్కడ రోజంతా హిందీ. కాపురం బేర్ సరాయ్‌లో, ఇరుకు సందులో రెండో అంతస్తు. కింద మెస్సు, ఎదురుగా పోటీ పరీక్షల కుర్రాళ్ల గదులు. కూతురు స్తుతి పదకొండో తరగతి, తెలుగు విని హిందీలో జవాబిస్తుంది. భర్త కృపారావు ఎక్స్‌రే టెక్నీషియన్, ఆయన ఏ భాషలోనూ పెద్దగా మాట్లాడడు. ఇంత ఢిల్లీలో ఆమె బాపట్ల తెలుగును మొదటి నుంచి చివరిదాకా ఓపిగ్గా వినేవాడు దేవుడొక్కడే.

ఆదివారం సంగతి వేరు. తెలుగు క్రైస్తవ సహవాసం వాళ్లు ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుతారు. అక్కడ కళ్లు మూసుకోగానే మనుషులు మారిపోతారు. కూరగాయల బండి దగ్గర "భయ్యా, సహీ లగావో" అని గీచి గీచి బేరమాడే మనిషే, ప్రార్థనకు లేచేసరికి "పరిశుద్ధుడవును ప్రేమామయుడవునైన మా పరలోకపు తండ్రీ, నీ పాదసన్నిధికి వచ్చియున్నాము" అంటాడు. ఎవరూ నేర్పలేదు. అందరూ అంటారు కాబట్టి అందరూ అంటారు. జయశీలకు వంతొస్తే మాత్రం పెనం ముందు మాటే అక్కడా వచ్చేది. వెనక కుర్చీల్లో పిల్లలు నవ్వు ఆపుకోలేక అవస్థ పడేవాళ్లు.

స్త్రీల సమాజానికి సునంద అధ్యక్షురాలు. రిటైరైన తెలుగు టీచరు. గంజి పెట్టిన తెల్లచీర, అంతకన్నా గంజి పెట్టిన ప్రార్థన. ఆవిడ లేచి ప్రార్థిస్తే ఒక్క క్రియాపదం కూడా పక్కకు జరగదు. నవంబరులో స్త్రీల ఆదివారం దగ్గరపడింది. గుంటూరు నుంచి ఒక పాస్టరు గారు వస్తున్నారు. ఆ రోజు సంఘమంతటి కోసం ప్రార్థన చేసే వంతు జయశీలది. సునంద ఆమెను పక్కకు పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టింది.

"జయా, ఏమీ అనుకోకమ్మా. నీ భక్తికి వంక పెట్టట్లేదు. కానీ దేవుడి దగ్గర మాట్లాడేటప్పుడు ఒక మర్యాదంటూ ఉంటుంది గదా. పెద్దవాళ్లొస్తున్నారు. ఇది బట్టీ పట్టు."

"అట్టాగే ఆంటీ" అంది జయశీల. మనసు చివుక్కుమంది. చివుక్కుమనడంతో పోతే బాగుండేది. ఇరవై రెండేళ్లుగా నేను దేవుడి దగ్గర అమర్యాదగా ఉన్నానా అనే అనుమానం కూడా పట్టుకుంది.

ఇంటికొచ్చి భర్తకు చెప్పింది. "అందరూ అనేదే గదా, నువ్వూ అనేస్తే పోయేదేముంది" అన్నాడు కృపారావు. ఆ వారంలో ఆయన మాట్లాడిన వాక్యాల్లో అదే పొడుగైంది.

మర్నాడు పెనం ముందు గోడకు కాగితం ఆనించుకుని "పరిశుద్ధుడవును ప్రేమామయుడవునైన" అని మొదలుపెట్టింది. టిఫిను డబ్బా కోసం వచ్చిన స్తుతి గుమ్మంలోనే ఆగింది.

"మమ్మీ, కిస్‌సే బాత్ కర్ రహీ హో?"

"దేవుడితోనే. ఇంకెవరితో మాట్లాడతానే?"

"ఐసా లగ్ రహా హై, ప్రిన్సిపల్ సే ఛుట్టీ మాంగ్ రహీ హో."

నిజమే. తన గొంతు తనకే సెలవు చీటీ చదువుతున్నట్టు వినిపించింది. సరే, కాగితం కాగితమే, మన మాట మనదే అనుకుని పక్కన పెట్టి "నాయనా" అంది. అక్కడే ఆగిపోయింది. మర్యాద గుర్తొచ్చింది. ఆరో నంబరు ముసలాయన ఆ వారమే డిశ్చార్జి అయ్యాడు, కొడుకే వచ్చి తీసుకుపోయాడు. అంత మంచి కబురు చెబుదామంటే కాగితం భాషలో డిశ్చార్జికి మాట లేదు. పాత భాషలో చెబుదామంటే నోరు రావడం లేదు. పది రోజులు ఇలాగే గడిచాయి. దోసెలు ఎప్పటిలాగే బాగా వచ్చాయి గానీ, జయశీలకు మాత్రం పుట్టింటికి పోయే దారి మూసుకుపోయినంత దిగులుగా ఉంది. ఇక ఎప్పటికీ ఇంతేనేమోనని భయమూ వేసింది.

స్త్రీల ఆదివారం నాడు హాలు నిండింది. పాస్టరు గారు ముందు వరసలో కూర్చున్నారు. జయశీల మైకు దగ్గర నిలబడి కళ్లు మూసుకుంది. కాగితం మొత్తం కంఠతా వచ్చు. మొదటి నాలుగు వాక్యాలు గడగడా చెప్పేసింది. సునంద మొహం వికసించింది. తర్వాతది "నీ సంఘమును అనుగ్రహించుము" అనే మాట. ఆమె బతుకులో ఎన్నడూ వాడని మాట అది.

"నీ సంఘమును ఆగ్రహించుము" అంది జయశీల.

"ఆమేన్" అంది హాలు.

"మా కుటుంబములను ఆగ్రహించుము."

"ఆమేన్" అన్నారందరూ, ఈసారి ఇంకాస్త గట్టిగా. పాస్టరు గారు కూడా అన్నారు.

"మా పసిబిడ్డలను సైతము ఆగ్రహిం..."

ఆమె చెవికి అప్పుడు తగిలింది. గబుక్కున కళ్లు తెరిచింది. హాలంతా కళ్లు మూసుకుని, దేవుడి కోపానికి తలలు వంచి సిద్ధంగా ఉంది. ఇంకొక్కరు మాత్రం కళ్లు తెరిచి ఉన్నారు, ఆ కాగితం రాసిన సునంద. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సునంద మొహంలో రంగు పోయింది.

"ఆగు ఆగు నాయనా" అంది జయశీల మైకులోనే. "అట్టా కాదు. కోప్పడమని కాదయ్యా, దయ చూడమని. మాట తేడా పడింది. వీళ్లు ఆమేన్ అన్నారు గానీ అది లెక్కలోకి తీసుకోబాక."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో ఆమెకు పది రోజులుగా రాని మాట వచ్చేసింది.

"పది రోజులైంది నీతో మాట్లాడి. కాగితం చదివాను గానీ మాట్లాడలా. ఆ ముసలాయన ఇంటికెళ్లాడు, కొడుకే వచ్చి తీసుకెళ్లాడు. చెప్పకపోతే నాకు కడుపుబ్బరంగా ఉంది. ఇక్కడ అందరికీ దగ్గులే నాయనా, ఈ ఢిల్లీ పొగ సంగతి నువ్వే చూడు. పిల్లలు మాతో తెలుగు మాట్లాడట్లా. పోనీ, నీతోనన్నా వాళ్లకొచ్చిన భాషలో మాట్లాడుకోనీ."

ఇలా మూడు నిమిషాలు సాగింది. అలవాటైన ముగింపులు లేవు కాబట్టి ఆమేన్ ఎక్కడ అనాలో ఎవరికీ తెలియలేదు. ఏమీ అనలేక అందరూ వినాల్సి వచ్చింది. జయశీలకు మాత్రం కన్నీళ్లు, సంతోషం రెండూ ఒకేసారి వచ్చాయి. ఇక తన పేరు వంతుల చీటీలోంచి కొట్టేస్తారని తెలుసు. కొట్టేస్తే కొట్టేయనీ అనుకుంది.

భోజనాల దగ్గర సునంద వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని మేడమెట్ల దగ్గరికి తీసుకుపోయింది.

"కోపమొచ్చిందా ఆంటీ?"

"వచ్చింది" అంది సునంద మెట్టు మీద కూర్చుంటూ. "అది తర్వాత. మంగళవారం నా కంటికి శుక్లం ఆపరేషన్. ఎవరికీ చెప్పలా. అదేం పెద్ద జబ్బా చెప్పుకోడానికి? నెల్లాళ్లుగా ప్రార్థన చేస్తున్నా జయా. అంతా సక్రమంగానే చేస్తున్నా. ఒక్క రాత్రీ నిద్ర పట్టట్లా. నా తరఫున నువ్వు చెప్పవా, నీ మాటల్లో?"

"అది పావుగంట పనే ఆంటీ, నేను రోజూ..." అని నర్సు మాట మొదలుపెట్టి జయశీల నాలుక కరుచుకుంది. పక్కనే కూర్చుంది. "నేను చెబితే నా మాటే అవుతుంది గదా. మీరే చెప్పండి. నేనిక్కడే ఉంటా."

సునంద కళ్లు మూసుకుంది. "పరిశుద్ధుడవును..." అని ఆగింది. "కృపాసనము ఎదుట..." అని మళ్లీ ఆగింది. ముప్పై ఏళ్లు పిల్లలకు వ్యాకరణం చెప్పిన మనిషి, ఒక వాక్యం దొరక్క పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. చివరికి అంది, పల్చగా, చిన్నపిల్ల గొంతుతో.

"నాకు భయంగా ఉంది నాన్నా. కంట్లో కత్తి పెడతారంట. నా చెయ్యి పట్టుకో."