పాత కారుకు ప్లేట్లు, నాకు గుమ్మడికాయ

ఆ రోజుల్లో నా ఈడువాళ్లకు ప్రేమ రోగమో, సినిమా పిచ్చో ఉండేది. నాకు మాత్రం కడుపుమంట. దానికి కారణం, స్టయిలుగా తిరుగుతాడని ఊరంతా 'ఇస్టయిలన్న' అని పిలిచే మా పెద్దనాయన కొడుకు మద్రాసు నుంచి తెచ్చిన పాత ఎర్ర స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. నేనేమో శ్రీ సిటీ ఫ్యాక్టరీలో వెల్డింగు పని చేస్తూ డొక్కు స్కూటర్ మీద తిరిగేవాణ్ణి. ఆ కారు తిరుపతి వీధుల్లో గుర్రుమంటూ పోతుంటే కళ్లల్లో నిప్పులు పోసుకునేవాణ్ణి.

కొన్నాళ్లకే, గుంటలో పడ్డప్పుడల్లా దాని వెనక టకటకమని చప్పుడు మొదలైంది. "ఇంగేముండాది, దిష్టి! నరుని కంటికి నల్లరాయైనా పగల్తాదంట" అని పెద్దమ్మ నావైపే చూస్తూ వెనక బంపరుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. (నా కడుపుమంటకు అంత శక్తి ఉందా అని లోలోపల గర్వపడ్డాను కూడా.)

అన్న చూడమంటే కారు కింద దూరాక ఆ గర్వం దిగిపోయింది. వెనక సస్పెన్షన్‌ను బాడీకి బిగించే చోట రేకు తుప్పుపట్టి చీలింది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే ఇడ్లీలో దిగినట్టు దిగింది.

"బోల్టులు బాగుండాయన్నా, అవి పట్టుకునే రేకే లేదు. తుప్పు కోసి మందం ప్లేట్లు అతకాల" అన్నాను.

"నువ్వే సెయ్యప్పా. అయినాక అలిపిరి కాడికి పూజకు నువ్వే తోలుకోని రా" అన్నాడు అన్న.

ఆ ఒక్క మాట కోసం ఆదివారాలన్నీ కారు కింద వెల్లకిలా పడుకున్నాను. వేడికి రేకు వంకర పోకుండా కొంచెం కొంచెంగా అతికాను. నిప్పురవ్వలు చొక్కాలో పడుతున్నా, స్టీరింగు చేతిలో ఉన్నట్టే కలలు కన్నాను.

పూజ రోజు కొత్త చొక్కా తొడుక్కుని వెళ్తే, ఒక సీట్లో పెద్దమ్మ, ఇంకోదాంట్లో అన్న!

"పూజకు నా కొడుకే తోలాల. వీని సెయ్యి పడితే మళ్లా పగల్తాది" అంది పెద్దమ్మ. అన్న తల దించుకున్నాడు. "నువ్వు ఆ గుమ్మడికాయ ఎత్తుకోని ఎనకాల రా నాయనా" అంది మళ్లీ పెద్దమ్మే.

ముందు ఎర్ర కారు, వెనక స్కూటర్ మీద కాళ్ల మధ్య బూడిద గుమ్మడికాయతో నేను. ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గరా, ఒక్కసారి టక్కుమంటే బాగుండునని చెవులు రిక్కించాను. (నేను అతికింది ఊడిపోవాలని నేనే కోరుకోవడం, ఏం ఖర్మ!) అది కిక్కురుమనలేదు. అలిపిరిలో పెద్దమ్మ ఆ గుమ్మడికాయతో కారుకు దిష్టి తీసి, "అసలు దిష్టి ఈడుండాది" అంటూ నాకూ తీసి దాన్ని పగలగొట్టించింది.

అన్న ఆ కారును ఎప్పుడో అమ్మేశాడు. మొన్న పూతలపట్టు కూడలిలో నా కారు ఆపుకుని ఉంటే, అదే ఎర్ర కారు ఎదురైంది. ఎవరో యువకుడు స్పీడ్‌బ్రేకర్ మీద ఎగరేసుకుంటూ పోయాడు. చప్పుడే లేదు.

"ఏంది, నీలో నువ్వే నవ్వుతాండావు?" అంది మా ఆవిడ.

"కడుపు మండుతాండాదే."

"ఆ పిల్లోని మీదనా?"

"కాదు. దాని కింద పండుకోని ప్లేట్లు అతికినాడే, వాని మీద" అని, నడుముకు డాక్టరు కట్టిన బెల్టు సర్దుకుని బండి కదిలించాను.