బోర్లా తిప్పిన రాయి

మొన్న ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్లలో పిల్లలకు పందెం పెట్టారు. ఉత్త పరుగు పందెం కాదు, చరిత్ర పందెం. నలుగురేసి ఒక జట్టు, మెడలో రంగు రుమాలు, చేతిలో ఫోను. గోడలకూ గేట్లకూ అంటించిన కాగితాల మీద ఒక్కో ఆచూకీ ఉంటుంది. అది చదివి, ఈ చుట్టుపక్కల ఒకప్పుడు ఏముండేదో కనుక్కుని, తర్వాతి కాగితం దగ్గరికి ఉరకాలి. ఈ అద్దాల మేడల సందుల్లో వీళ్లకు దొరికే చరిత్ర ఏముంటుందా అనుకుంటూ, బాల్కనీలో కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాను. మాది మూడో అంతస్తు, కింద జరిగేదంతా కనిపిస్తుంది. ఏడో తరగతి చదివే మా మనవరాలు గేటు స్తంభం మీది కాగితం చదివింది, ఫోటో తీసుకుంది, అటూ ఇటూ చూసింది. తర్వాత ఆ కాగితాన్ని మెల్లగా ఊడబెరికి మడిచి జేబులో పెట్టుకుంది. ఇక వెనక వచ్చే జట్లకు ఆచూకీ లేదు. ఆ పిల్లకు ఈ బుద్ధులు ఎక్కడినుంచి వచ్చాయోనని మా అమ్మాయి అప్పుడప్పుడూ వాపోతుంటుంది. నేను మాత్రం మాట మార్చేస్తాను.

ఇప్పుడు ఈ మేడలున్న చోటే మా ఊరు ఉండేది. డెబ్బైల మొదట్లో ఇక్కడ బండలు, సీతాఫలం చెట్లు, నడుమ నడుమ జొన్న చేలు. పట్నం పోవాలంటే మదీనాగూడ దాకా నడిచి బొంబాయి రోడ్డు మీద బస్సు ఎక్కాలి. ఆ బస్సే దిగి రోజూ నడిచి వచ్చేవారు మా సాంఘిక శాస్త్రం సారు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, అందరినీ 'అండీ' అనేవారు. గొర్రెలు కాసే తాతను కూడా "ఏమండీ, బాగున్నారా?" అని పలకరించేవారు. ఆ తాత వెనక్కి తిరిగి చూసుకునేవాడు, తన వెనకాల ఏ పటేలైనా నిలబడ్డాడేమోనని. మేం కడుపుబ్బ నవ్వేవాళ్లం. అంత మర్యాద మనిషిని మా ఊరు అంతకు ముందు చూడలేదు మరి.

ఒకరోజు సారు ఢిల్లీ సుల్తానుల పాఠం మధ్యలో పుస్తకం మూసేశారు. "ఎక్కడెక్కడి రాజులు దేనికమ్మా, మీ ఊరికి మాత్రం చరిత్ర లేదా?" అన్నారు. లేదని మేం ముక్తకంఠంతో చెప్పాం. ఆ శనివారమే పందెం పెట్టారు. ఇద్దరిద్దరు ఒక జట్టు. మెట్లబావి, కూలిన దొరల గడి దర్వాజా, గుట్ట మీది దర్గా, రాతలున్న రాయి, ఈ నాలుగూ వెతికి పట్టాలి. ప్రతి చోటా బొమ్మో రాతో ఉంటే దాని మీద కాగితం పరిచి, బొగ్గు రుద్ది అచ్చు తీసుకురావాలి. ముందుగా బడికి చేరిన జట్టును సారు సొంత ఖర్చుతో పట్నం తీసుకుపోయి మ్యూజియం చూపిస్తారు. అప్పటికి నేను పట్నం చూడలేదు. మా నాయన పోయి వచ్చినప్పుడు తెచ్చే బిస్కెట్ల వాసన ఒక్కటే నాకు తెలిసిన పట్నం. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదంటే నమ్మండి.

నా జట్టులో ఉన్నది మేం కాక అని పిలిచే రాళ్లు కొట్టే ఆయన బిడ్డ. బడిలో నాకున్న ఒకే ఒక్క దోస్తు. మిగతా పిల్లలు రాతలున్న రాయి కోసం పొలాలన్నీ పడి తిరుగుతుంటే, ఇది నా చెయ్యి పట్టుకుని నేరుగా గుట్ట కింది గట్టు దగ్గరికి తీసుకుపోయింది. వాళ్ల నాయన ఏటా ఆ రాయికి బొట్టు పెడతాడట. వాళ్లది ఒక కట్టడి: బొమ్మ ఉన్న రాయిని, రాత ఉన్న రాయిని ముట్టరు. ఎంత మంచి రాయైనా, ఎంత అవసరమున్నా, దానికి పసుపు కుంకుమ పెట్టి పక్క రాయికి పోతారు తప్ప ఉలి పెట్టరు. గట్టు వాలులో వెల్లకిలా పడి ఉంది ఆ బండ. మీద కత్తి పట్టిన మనిషి బొమ్మ, తలకు అటూ ఇటూ సూర్యుడూ చంద్రుడూ, కింద రెండు వరుసల అక్షరాలు. బొగ్గు రుద్దుతుంటే కాగితం మీదికి ఆ మనిషి మెల్లమెల్లగా లేచి వస్తున్నాడు.

అచ్చు తీయడం అయిపోయిందో లేదో, గట్టు అవతల ఇంకో జట్టు మాటలు వినిపించాయి. నాలుగింటిలో వాళ్లకు మిగిలింది కూడా ఈ రాయే. ఆ బుద్ధి నాదే, దోస్తుది కాదు, ఇప్పుడైనా ఆ మాట చెప్పాలి. "దీన్ని బోర్లేస్తే వాళ్లకు ఎట్ల దొరుకుతది?" అన్నాను. అది జంకింది. "వద్దే, మా నాయనకు ఎర్కైతే తోలు తీస్తడు." నేను ఊరుకోలేదు. "పొద్దుమీకి మనమే వచ్చి మళ్ల తిప్పుదం. ఎవ్వలకు ఎర్క?" కాక గడ్డపార అక్కడే చెట్టుకు ఆనించి ఉంది. నేనైతే జన్మలో ఆ బండను కదిలించలేకపోదును. రాళ్ల మధ్య పెరిగిన పిల్ల గనక దానికి ఒడుపు తెలుసు. "బలంతోని కాదే, వాలుతోని తిప్పాలె" అని, బండ కింద చిన్న రాయి పెట్టి, గడ్డపార చివర మా ఇద్దరి బరువూ వేయించింది. పెనం మీద రొట్టె తిరిగినట్టు బండ బోర్లా పడింది. మీద ఇంత మన్ను చల్లాం. తర్వాత వచ్చిన జట్టులో ఒకడు దాని మీదే కూర్చుని కాలి ముల్లు తీసుకున్నాడు. పొద కింద నక్కి మేం నోట్లో పావడా కుక్కుకుని నవ్వాం.

గెలిచాం. అన్నట్టే పొద్దుమీకి, పొద్దు గుంకే వేళకు, పోదామనుకుంటే కుండపోత వాన. మర్నాడు పోతే బండ బురదలో దిగబడి ఉంది. గడ్డపార జారిపోతోంది తప్ప బండ కదలడం లేదు. ఎండ కాసినంక తిప్పుదాం అనుకున్నాం. ఎండ కాసిన రోజు ఇంట్లో పని, ఇంకోరోజు బద్ధకం. ఈలోపు సారు మా బొగ్గు అచ్చును ఒక ఉత్తరంతో పాటు పురావస్తు శాఖకు పంపారు. అధికారి వచ్చి చూస్తాడని జవాబు వచ్చింది. ఆ ఉత్తరాన్ని సారు క్లాసులో రెండుసార్లు చదివి వినిపించారు. "సూర్యచంద్రులు ఉన్నంత కాలం ఈ రాయి ఉండాలని చెక్కారమ్మా" అన్నారు. దోస్తు నా వైపు చూసింది, నేను పుస్తకంలోకి చూశాను.

వాగు మీద బండ్లు దాటే మోరీ కట్టడానికి రాళ్లు కావాల్సి వచ్చాయి. కాక గట్టు కింద నున్నటి వీపుతో పడున్న బండను చూశాడు. బొమ్మ లేదు, రాత లేదు. బొట్టు పెట్టిన రాయి ఏమైందని అనుకున్నాడో, వానకు మట్టిలో పూడిందనే అనుకున్నాడో. ఉలితో వరుసగా గుంటలు తీసి, చీలలు దిగ్గొట్టి సమ్మెట వేశాడు. రాయి సాఫుగా రెండయింది. ముక్కలు ఎత్తబోతే ఒకదాని కింద చంద్రుడు, ఇంకోదాని కింద సూర్యుడు.

కబురు విని సారు వెంట మేం బడి పిల్లలమంతా పోయేసరికి కాక నేల మీద కూర్చుని ఉన్నాడు. సమ్మెట దూరంగా పడి ఉంది. సారును చూసి లేవబోయి లేవలేకపోయాడు. "సారూ, మా తాతల నాటి సంది రాత మీద ఉలి పెట్టినోళ్లం కాదు. నా చేతిల గిట్లయింది. నా కండ్లకు ఏం కమ్మిందో" అన్నాడు. సారు ఆయన పక్కనే మట్టిలో కూర్చున్నారు. "మీ తప్పు కాదండీ. లేవండి" అన్నారు. ఆ రోజు 'అండీ'కి ఎవరూ నవ్వలేదు.

మర్నాడు దోస్తు నన్ను బడి వెనక్కి లాక్కుపోయింది. "సార్‌కు చెప్పుదమే. నాయన బువ్వ తింటలేడు" అంది. వానలతో వాయిదా పడుతూ వచ్చిన పట్నం ప్రయాణం, చెబితే ఆగిపోతుంది. నా మనసులో ఉన్నది అదొక్కటే, ఇంకేమీ లేదు. "పట్నం పోయొచ్చినంక చెప్పుదం" అని, నేను చెప్పేదాకా తను చెప్పనని దాని చెయ్యి నా నెత్తి మీద పెట్టించి ఒట్టు వేయించుకున్నాను. పన్నెండేళ్ల పిల్లకు అంత రాయి గుండె ఎట్లా వచ్చిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. చిన్నతనం అని సర్దిచెప్పుకుందామంటే దోస్తుదీ అదే వయసు కదా.

ఆ తర్వాతి ఆదివారం పట్నం పోయాం. మ్యూజియం ఆవరణలో చెట్ల కింద వరుసగా రాళ్లు నిలబెట్టి ఉన్నాయి. కత్తులు, గుర్రాలు, సూర్యచంద్రులు. సారు ఒక ఖాళీ జాగా దగ్గర చాలాసేపు నిలబడి "మనది ఇక్కడ ఉండేదేమో" అన్నారు. ఆయన కొనిచ్చిన బన్ను దోస్తు తినలేదు, వాళ్ల నాయనకని పావడా చెరగులో కట్టుకుంది. నేను తిన్నాను. అంతా తిన్నాను.

తిరిగి వచ్చాక చెబుదామనే అనుకున్నాను, రేపు, ఎల్లుండి అని. కాక మళ్లీ సమ్మెట ముట్టలేదు. పని లేని ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుంది? పది రోజులకే పటాన్‌చెరు అవతల ఇటుక బట్టీకి కుటుంబమంతా బయలుదేరింది. దోస్తు చదువు అక్కడితో సరి. బండి కదిలేముందు కాక నా తల నిమిరి "మంచిగ సదువుకో బిడ్డా" అన్నాడు. దోస్తు మాత్రం నా వైపు చూడలేదు. ఒట్టు తప్పలేదు అది, అదే నాకు ఎక్కువ బాధ. తర్వాత అధికారి వచ్చి రెండు ముక్కలూ చూసి ఏదో రాసుకుని పోయాడు. ఏడాది తిరగకుండానే సారుకు బదిలీ అయింది. నేను మంచిగానే చదువుకున్నాను, ముప్పై ఏళ్లు బళ్లో పాఠాలు కూడా చెప్పాను. చరిత్ర పాఠం వచ్చినప్పుడల్లా రాతి శాసనం బొమ్మ ఉన్న పేజీని గబుక్కున తిప్పేసేదాన్ని. పరీక్షలో రాదు అనేదాన్ని.

మొన్న బాల్కనీ నుంచి కేకేస్తే మనవరాలు రొప్పుతూ పైకి వచ్చింది. కాగితం ఇవ్వమన్నాను. "రేస్ అయిపోయాక ఈవెనింగ్ మళ్లీ అంటించేస్తా అమ్మమ్మా, ప్రామిస్" అంది. దాని జేబులోంచి నేనే తీసుకున్నాను. లిఫ్టు దిగి, గేటు దాకా కాళ్లీడ్చుకుంటూ పోయి, స్తంభానికి అంటించి వచ్చేసరికి ప్రాణం ఎగిరిపోయినట్టయింది. వాళ్ల జట్టు ఓడిపోయింది. మధ్యాహ్నమంతా నాతో మాట్లాడలేదు. చీకటి పడే వేళ వచ్చి, ఎందుకట్లా చేశావని నిలదీసింది. అప్పుడు ఈ రాయి సంగతంతా చెప్పాను, ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది. అది నూనె సీసా అందుకుని నా మోకాలికి రాయడం మొదలుపెట్టింది.

"మరి రాళ్లు కొట్టే ఆ తాతకు ఎప్పుడు చెప్పావు అమ్మమ్మా?" అంది.

పొద్దుమీకి తిప్పుదాం అన్నాను. యాభై ఏళ్లు దాటాయి, నాకు ఆ పొద్దు ఇంకా గుంకలేదు.