కిటికీ తెరిచే మేడం

పటాన్‌చెరులో మాకు డిగ్రీలో పాఠాలు చెప్పిన ఇంగ్లిష్ మేడం, క్లాసులో ఏఐని వాడొద్దని ఎన్నడూ అనలేదు. ఫోన్లు తీసి దాన్నే అడగమనేవారు. అది చెప్పింది మేము గడగడా చదివేశాక, "ముందుగాల జెర కిటికీ తెరువుండ్రి" అనేవారు.

ఒకరోజు మా ఊరి గాలి గురించి అడగమన్నారు. పరిశుభ్రమైన గాలి, ప్రశాంతమైన వాతావరణం అని వచ్చింది. నేనే లేచి చదివాను. మేడం వెళ్లి కిటికీ తెరిచారు. మందుల కంపెనీల దిక్కు నుంచి ఘాటు వాసన గుప్పుమంది. అందరం ముక్కులు మూసుకున్నాం.

"దానికి ముక్కు లేదు బిడ్డా. నీకున్నది గద!" అన్నారు మేడం. మేమంతా నవ్వాం. ఆమె నవ్వలేదు. నవ్వే మనిషే కాదు.

మా డిగ్రీ అయిపోయాక, ఈ మధ్యే జ్వరమని సెలవు పెట్టిన మేడం మళ్లీ కాలేజీకి రాలేదు. మొన్న అదే గదిలో సంతాపసభ అంటే, డ్యూటీ మానుకుని వెళ్లాను. ఏసీ వేసి కిటికీలన్నీ మూశారు. ఆమె దగ్గర చదువుకున్న కుర్రాడొకడు ఏఐతో రాయించిన నివాళిని ఫోన్లో చూసి చదివాడు: "సదా చిరునవ్వులు చిందించే మా మేడం..."

ఎవరూ అదేందని అడగలేదు. కొందరు కళ్లు కూడా తుడుచుకున్నారు.

నేను లేచి, ఆమె ఫొటో పక్కనున్న కిటికీ తెరిచాను. అదే వాసన.

"బంద్ జెయ్ తమ్మీ, వాసనొస్తుంది" అన్నారు ప్రిన్సిపాల్.