హైగ్రోమీటరు సార్

ధర్మవరంలో పట్టుపురుగుల సార్ పోయారని మొన్న పెనుకొండ సంతలో తెలిసింది. ఇంటికొచ్చి అక్కకు చెబితే, "నా పురుగుల్ని చంపినాయనే కదా, పోనీలే" అంది. ఆ మాట పదేళ్ళుగా వింటున్నాను. ఇక నా వల్ల కాదు.

పురుగుల పెంపకం నేర్పడానికి సార్ హిందూపురం నుంచి సైకిలు మీద మా ఊరికి వచ్చేవారు. ఏ ఇంగ్లీషు పేరునైనా రెండుగా విరిచి అర్థం చెప్పందే ఆ వస్తువును ముట్టనివ్వరు. పేరు విప్పితే పని తెలుస్తుందనేవారు. అక్క పురుగుల గదిలో రెండు గాజుగొట్టాల హైగ్రోమీటరు తగిలించిన రోజు, మమ్మల్ని నిలబెట్టి పాఠం చెప్పారు. హైగ్రో అంటే గ్రీకులో తడి, మీటరు అంటే కొలత. ఒక గొట్టానికి తడిగుడ్డ చుట్టాలి, ఇంకోటి పొడిగా ఉండాలి. రెండింటి అంకెల తేడాను బట్టి గాలిలో తేమ తెలుస్తుందట; తేడా ఎంత తగ్గితే తేమ అంత ఎక్కువట.

ఐదో క్లాసుతో బడి మానేసినవాడికి గ్రీకు పాఠం. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళొచ్చాయి గానీ బుద్ధి రాలేదు. ఆయన తికమకపడితే చూద్దామని పొడి గొట్టానికీ తడిగుడ్డ చుట్టాను. ఆ సాయంత్రమే పెళ్ళికని రొద్దం పోయి, సంగతే మరిచాను.

సార్ తికమకపడలేదు. తేమ మరీ ఎక్కువైందని నమ్మి, వాకిలికి కట్టిన తడి గోతాలు తీయించి కిటికీలు తెరిపించారు. అసలే ఎండాకాలపు గాలి. తట్టల్లో మల్బరీ ఆకు ఎండి గలగలలాడింది, పురుగులు మేత ముట్టలేదు. మూడోనాడు నేను తిరిగొచ్చేసరికి, పట్టుగూళ్ళమ్మి ఇంటికి కప్పు వేయించుకోవాలనుకున్న అక్క చచ్చిన పురుగుల్ని చేటతో దిబ్బలో పోస్తోంది.

"ఏమప్పా సారూ, నీ గాజుబుడ్డీని నమ్మి నా కొంప ఆర్పితివే" అని ఊరందరి ముందూ అడిగింది.

అప్పటికే ఆయన రెండో గుడ్డను చూశారు. విప్పి, పిండి, జేబులో పెట్టుకున్నారు. నా వైపు ఒకసారి చూసి, "నేనే లెక్క తప్పినానమ్మా" అన్నారు.

ఊరి బయటిదాకా సైకిలు వెంట నడిచాను. ఆయనే అన్నారు: "పేరులోనే రెండు ముక్కలుండాయి కదప్పా. తడి నీది, కొలత నాది. అంకె చూస్తి గానీ, ఆకు ముట్టి చూడకపోతి. నా సగం నేను ఒప్పుకుంటి. నీ సగం నీ దగ్గరే ఉండాది."

తర్వాత ఆయన్ను పెనుకొండకు మార్చారు. కనబడినప్పుడల్లా అక్క పంట ఎట్లుందని అడిగేవారు. నా సగం అక్కకు చెప్పానా అని మాత్రం ఎన్నడూ అడగలేదు. అడిగి ఉంటే తేలికయ్యేవాణ్ణేమో.

నిన్న పొద్దున అక్కకు అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. లేచి, సొంతవాళ్ళు పోయిన కబురు వింటే చేసే తలస్నానం చేసింది. నెరిసిన జుట్టు ఆరబోసుకుంటూ వాకిట్లో కూర్చుంది. పొద్దు వాలేదాకా నా వైపు తిరగలేదు.