అనారోగ్యంలో కలిపేసిన పది మంది

అప్పట్లో ఒంగోలుకు గంట దూరంలో, చుట్టూ పత్తి, మిరప చేలున్న ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. తొమ్మిదో తరగతికి వృత్తాన్ని భాగాలుగా కోసి లెక్క చూపించే పై చార్టు పాఠం వచ్చింది. పుస్తకంలో ఇచ్చిన ఉదాహరణ ఏదో నగరంలో జనం ఇష్టపడే ఐస్‌క్రీముల గురించి. మా పిల్లలకు అది ఎక్కలేదు. మన లెక్క మనమే వేసుకుందాం అన్నాను. పోయిన నెల ఎవరు ఏ కారణంతో ఎక్కువగా బడి మానారో కనుక్కోమన్నాను. క్లాసులో నలభై మంది. మూడు వందల అరవై డిగ్రీలు పంచితే మనిషికి తొమ్మిది. లెక్క సుఖంగా తెగుతుంది. అంతకు మించి నేనేమీ ఆలోచించలేదు.

అడిగే పని ఒక అమ్మాయికి అప్పజెప్పాను. వాళ్ళమ్మ మిరప కోతలకు వెళ్ళేది. ఆ పిల్ల ఆదివారాలు చర్చిలో చిన్నపిల్లలకు పాటలు నేర్పేది కాబట్టి ఎవరినైనా జంకు లేకుండా పలకరించగలదు. మగపిల్లల్ని క్లాసులోనే అడిగింది. ఆడపిల్లల్ని మాత్రం వెనక మెట్ల మీద ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని అడిగింది. మూడో రోజు చార్టు తెచ్చి గోడకి అంటించింది. సగానికి కాస్త తక్కువగా కోతలు, పత్తి తీతలు. అది నాకు తెలిసిందే. ఇంకో భాగం అనారోగ్యం. దాని పక్కన సరిగ్గా తొంభై డిగ్రీల భాగానికి నీలం రంగు వేసి, "బాత్రూములో నీళ్ళు లేవు" అని రాసింది. పది మంది, పది మందీ ఆడపిల్లలే. ప్రతి నెలా ఆ నాలుగు రోజులూ ఇంట్లోనే ఉండిపోతున్నారు.

బడి మోటారు కాలిపోయి ఏడాది దాటింది. నాకు తెలియక కాదు. మేం టీచర్లం ఎదురింటికి వెళ్ళేవాళ్ళం, ఆ ఇంటావిడ కాదనేది కాదు. పిల్లలు ఏం చేస్తున్నారో మాలో ఎవరం పట్టించుకోలేదు.

ఆ వారమే తనిఖీకి పై అధికారి వస్తున్నారని కబురొచ్చింది. హెడ్మాస్టరు గారు చార్టు చూసి కోప్పడలేదు. మోటారు కోసం ఎన్ని అర్జీలు పెట్టారో చెప్పారు. ఇప్పుడిది ఆయన కంట పడితే మాట పడేది మనమేనండి, నాకు రిటైర్మెంటు దగ్గర పడింది, ఆ భాగాన్ని ఎందులోనైనా కలిపేయండి అన్నారు. కుదరదని చెప్పొచ్చు. కానీ నాకు ఒంగోలు దగ్గరికి బదిలీ కావాలి. నా కాగితాల మీద ఆయన సంతకం కావాలి. సరేనండి అన్నాను.

అమ్మాయిని పిలిచి, నీలం భాగాన్ని అనారోగ్యంలో కలిపి కొత్త చార్టు గీయమన్నాను.

"మాకు జబ్బేం లేదు కదా మేడం," అంది.

"చెప్పింది చెయ్యి," అన్నాను.

నా బల్ల పక్కనే నిలబడి కూడింది, తొమ్మిదితో హెచ్చవేసింది, కోణమానిని పెట్టి గీసింది. ఒక్క డిగ్రీ తేడా రాలేదు.

అధికారికి చార్టు నచ్చింది. దీన్ని బట్టి ఏం తెలుస్తోందని అడిగితే ఆ పిల్లే లేచి, మా క్లాసులో ఆరోగ్యం బాగాలేని వాళ్ళు చాలామంది ఉన్నారండి అని చెప్పింది. ఆయన నన్ను మెచ్చుకున్నారు. నెల తిరక్కుండా బడిలో వైద్య శిబిరం పెట్టించారు. ఆడపిల్లల్ని వరసలో నిలబెట్టి, కళ్ళ కింది రెప్పలు లాగి చూసి, ఐరన్ మాత్రలు ఇచ్చారు. పిల్లలు ఇంటి నుంచి సీసాల్లో తెచ్చుకున్న నీళ్ళతో వాటిని మింగారు.

పరీక్షల ముందు మళ్ళీ ఒక సర్వే ఇచ్చాను. ఇంట్లో వంటకి ఏం వాడతారు అన్నది ప్రశ్న. ఆ అమ్మాయి పుస్తకం తెరవలేదు. "ఎంతెంత రావాలో చెప్పండి మేడం, అలాగే గీస్తాను," అంది. అందులో వెటకారం లేదు. నేను నేర్పిందే అప్పజెప్పింది.

ఆ వేసవిలోనే నాకు బదిలీ వచ్చింది. తర్వాత ఎన్నికలప్పుడు ఆ బడిలో పోలింగ్ పెట్టారట. సిబ్బంది అక్కడే బస చేయాలని రెండు రోజుల్లో కొత్త మోటారు బిగించారని పాత బడి టీచరు ఫోన్లో నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేకపోయాను. నా పిల్లలు అప్పటికే పదో తరగతి అయిపోయి వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి కాలేజీలో చేరిందో, తల్లితో కోతలకు వెళుతోందో కనుక్కోవాలనిపించింది. మొహం చెల్లక ఫోను పెట్టేశాను.